గోడకు లేని బిళ్ళ

అన్న పైకొచ్చాడు. ఇంకేం కావాలి? బంతి వస్తే రానీ, పోతే పోనీ, ఈ రెండు నీలం డ్రమ్ముల మధ్య నుంచి ఇవాళ ఎన్ని గోల్స్ దూరినా వీరేందర్‌కు చీమ కుట్టినట్టు కూడా ఉండదు. అన్న పైకొచ్చాడు, బిళ్ళ గోడకు లేదు, వదిన కళ్లారా చూసింది. ఆట మొదలయ్యే ముందే ఫోన్ చేసింది శోభ వదిన, వెనక ఒకటే లొల్లి, ఎవరో ఆడమనిషి శోకం, ఆ శోకం మీదుగా వదిన అరిచిన మాటలు ఇంకా చెవిలోనే ఉన్నాయి. "వీరూ, నువ్వు రంది పెట్టుకోకు. మంది ఏదేదో చెప్తరు, టీవీల ఏదేదో వస్తది, గందుకే ముందుగాల నేనే చేస్తాన్న. మీ అన్నోళ్ల బాయిల కప్పు కూలింది. మీ అన్న పైకొచ్చిండు, బిళ్ళ లేదు గోడకు, రెండుసార్లు చూసిన. సదన్న బిళ్ళ ఒక్కటే ఉన్నది. పాపం సారవ్వ పెద్దమ్మ పొర్లి పొర్లి ఏడుస్తాంది." అంతే, పెట్టేసింది. వీరేందర్ ఇసుకలో చతికిలబడి, లేచి, నవ్వి, ఏడ్చి, ముక్కు తుడుచుకుని, ఫోన్‌ను చెప్పులో పెట్టి, చెప్పులను కుడివైపు డ్రమ్ము వెనక పెట్టి, గోల్లో నిలబడ్డాడు. రూములో కూర్చుంటే పిచ్చిలేస్తుంది, ఆడు, అన్నాడు ముష్తాక్. ముష్తాక్‌దీ గోదావరిఖనే, వాళ్ల నాయినకు మార్కెట్ దగ్గర స్కూటర్లు బాగుచేసే షాపుంది, ఈ షార్జాలో, ఈ ఏసీ గొట్టాల కంపెనీలో, బిళ్ళ అంటే ఏమిటో చెప్పకుండానే తెలిసిన మనిషి వాడొక్కడే.

మిగతావాళ్లకు ఒకసారి చాయ్ తాగుతూ చెప్పాడు వీరేందర్, తన వచ్చీరాని హిందీలో. బొగ్గు బాయిలోకి దిగే ప్రతివాడికీ ఒక నంబరు, ఆ నంబరు పొడిచిన ఇత్తడి బిళ్ళ ఒకటి. దిగేముందు ల్యాంపు రూములో గోడమీద మేకుకు బిళ్ళ తగిలించి, అదే నంబరున్న బత్తి తలకు పెట్టుకుని దిగాలి. పైకొచ్చాక బత్తి అప్పజెప్తే బిళ్ళ చేతికిస్తారు, జేబులో వేసుకుని ఇంటికి పోవాలి. గోడకు బిళ్ళ ఉందంటే మనిషి లోపల ఉన్నట్టు, లేదంటే పైన ఉన్నట్టు, అంతకన్నా పెద్ద సాక్ష్యం దేవుడు కూడా ఇవ్వలేడు. సైరన్ వేళగాని వేళ మోగితే కాలనీలో ఆడవాళ్లు పొయ్యిమీద కూరను పొయ్యిమీదే వదిలేసి ఉరుకుతారు, బాయి మూతి దగ్గరకు కాదు, ఆ గోడ దగ్గరకు. అమ్మ కొంగు పట్టుకుని వీరేందర్ కూడా ఉరికాడు చిన్నప్పుడు, నాయిన బిళ్ళ కోసం, అంకెలు చదవడం బడిలో కాదు ఆ గోడ దగ్గరే నేర్చుకున్నాడంటే అబద్ధం కాదు. నాయిన బిళ్ళ నల్లగా ఉండేది. అన్న బిళ్ళ అట్లా కాదు, దాని సోకే వేరు, ఆదివారం వదిన ఇత్తడి చెంబులతో పాటు దానికీ చింతపండు పెట్టి తోముతుంది, గోడమీది నల్ల బిళ్ళల మధ్య అదొక్కటి తళతళమంటుంటే తోటివాళ్లు అన్నను ఆటపట్టించని రోజు లేదు. "ఏందిరా రాజం, నీకు పోసినట్టు నీ బిళ్ళకు గుడ తానం పోస్తాందా మరదలు?" అనేది ఎవరు, అన్నతో జోడిగా దిగే సదయ్యే, వదిన చెప్పిన సదన్నే. పోయిన ఏడు సెలవుకు వెళ్లినప్పుడు తన ముందే అన్నాడు. ఇప్పుడు ఆ సదయ్య నల్ల బిళ్ళ ఒంటరిగా మేకుకు వేలాడుతోంది.

"అరే వీరూ, ఆంఖ్ కిధర్ హై తేరా?" షాజీ అరుపు. బంతి ఎప్పుడొచ్చిందో, కాళ్ల సందులోంచి దూరిపోయి లారీల కిందికి వెళ్లింది. షాజీది మలబారు, తల్లి కడుపులోంచే బంతి తన్నుకుంటూ వచ్చినవాడు, షెడ్డులో రేకు కోయడం తప్పితే పల్లెత్తు మాట అనడు గానీ ఇక్కడ గోల్ తప్పితే కన్నతండ్రినైనా తిడతాడు. ఇటు ఐదుగురు, అటు ఐదుగురు, గొట్టాలు చేసే షెడ్డువాళ్లు ఒక జట్టు, వాటిని భవనాలకు బిగించేవాళ్లు ఇంకో జట్టు, షెడ్డుకూ లారీలు నిలిపే జాగాకూ మధ్య దుప్పటి పరిచినంత ఇసుక, ఓడినవాళ్లు రాత్రికి పదిమందికీ వండాలి. వీరేందర్ లారీ కింద దూరి బంతి తీస్తూ నవ్వుకున్నాడు. వండుతాను, ఇవాళ నేనే వండుతాను, బగారన్నం చేస్తాను, అన్న పైకొచ్చినందుకు. అనుకున్నాడో లేదో, సారవ్వ శోకం గుర్తొచ్చి సిగ్గేసింది. ఆ ఇంట్లో ఎన్ని సద్దిబువ్వలు తిన్నాడు తను, సదయ్య తల్లి చేతి మామిడికాయ తొక్కుతో! ఒక ఇంటి దీపం ఆరితే బగారన్నం వండుకుంటావురా, తూ నీ బతుకు, అని తనను తానే తిట్టుకున్నాడు. తిట్టుకున్నా లోపల సంతోషం పోలేదు. అది పోయేది కాదు. రెండు బిళ్ళల్లో ఒకటే గోడకు మిగిలినప్పుడు, మిగిలింది మనది కానప్పుడు, ఎవడికైనా అంతే, పైకి ఏడుస్తాడు, లోపల దండం పెట్టుకుంటాడు.

గోల్లో నిలబడటం అన్న పెట్టిన అలవాటే. కాలనీలో రెండు క్వార్టర్ల వరసల మధ్య ఇంతే జాగా ఉండేది, ఇసుక బదులు బొగ్గు పొడి, డ్రమ్ముల బదులు రెండు రాళ్లు, అటు ఎవరి గోడకు తగిలినా తిట్లే. అన్న ముందు ఆడేవాడు, బంతి కాలికి అంటుకున్నట్టు ఉండేది వాడికి. "తమ్మీ, నువ్వు ఎన్క నిలబడు, ముంగట నేను చూస్కుంట." ఆటలోనే కాదు, అన్నీ అట్లాగే చూసుకున్నాడు. నాయినకు ఊపిరితిత్తులు చెడి పని చేయలేడని కంపెనీ దవాఖానలో తేల్చినప్పుడు ఆయన బదులు ఒక కొడుక్కు ఉద్యోగం అన్నారు. ఒకటే ఉద్యోగం, ఇద్దరు కొడుకులు. ఎన్ని ఇళ్లలో ఆ ఒక్క ఉద్యోగం అన్నదమ్ములను పగవాళ్లను చేసిందో గోదావరిఖనిలో ఎవరినడిగినా చెప్తారు. వాళ్లింట్లో తగాదా కాలేదు. అసలు చర్చే కాలేదు. అన్న అన్నం తింటూ తలెత్తకుండా అన్నాడు, "వీడు చీకట్ల దొడ్డికి పోవాల్నంటేనే నన్ను లేపుతడు, వీడేం దిగుతడు బాయిల. నేను దిగుత." అందరూ నవ్వారు, నాయిన కూడా దగ్గుతూ నవ్వాడు, తనకు మాత్రం రోషం వచ్చి కంచం ముందు నుంచి లేచిపోయాడు. రోషం వచ్చింది గానీ నేను దిగుతానని నోరు తెరిచి అన్నాడా? అనలేదు. చీకటంటే భయం నిజమే మరి. ఆ భయం పుణ్యాన ఇప్పుడు ఈ ఎండలో నిలబడ్డాడు, ఏడాదంతా ఎండే, కావలసినంత ఎండ, ఇక్కడ చలికాలం సాయంత్రం కూడా ఇసుక వెచ్చగానే ఉంటుంది. అన్న మాత్రం పొద్దున ఫస్టు షిఫ్టుకు దిగితే మధ్యాహ్నం దాటాకే వెలుగు చూసేది. మొన్న దసరాకు అటూ ఇటూ తెలంగాణ కోసం సకల జనుల సమ్మె జరిగి బాయిలన్నీ బందయినప్పుడు నెల దాటి అన్న పైనే ఉన్నాడు, పొద్దంతా కాలనీ పిల్లలతో బంతి ఆడాడట, ఒళ్లు కమిలి నల్లబడ్డాడట. బొగ్గుకు నల్లబడనోడు ఎండకు నల్లబడ్డడు చూడు వీరూ, అని వదిన ఫోన్లో ఎంత నవ్విందో. ఆ నెల ఇంట్లో అందరూ పచ్చడి మెతుకులే తిన్నారు, అయినా వదిన గొంతు ఏనాడూ అంత నిండుగా లేదు.

మళ్లీ బంతి. ఈసారి చేతులతో అందుకున్నాడు, గుండెలకు హత్తుకున్నాడు. శెభాష్ అన్నాడు షాజీ. బంతి లోపల గాలి తక్కువై వేలితో కొడితే బోలుగా మోగింది. కొట్టి వినడం అన్న పని. అన్న, సదయ్య ఇద్దరూ జోడి, బొగ్గు తీసిన జాగాలో పైకప్పు కూలకుండా దుంగలు నిలబెడతారు. అన్నిటికన్నా ముందు పోవాలి, అందరికన్నా వెనక రావాలి. దుంగ పెట్టేముందు కట్టెతో కప్పును కొట్టి చెవి పెట్టి వినాలి. "ఖంగుమన్నదనుకో తమ్మీ, మనదే రాజ్యం, కింద పండుకోని గుర్రు కొట్టొచ్చు. బోలుగ అన్నదనుకో, ఇగ దేవునికి మొక్కుడు గిట్ల ఏం లేదు, ఉరుకుడే." సంతలో పుచ్చకాయ కొనాలన్నా అట్లాగే కొట్టి చెవి పెట్టేవాడు, బేరగాళ్లు విసుక్కునేవాళ్లు. మరి అంత చెవి ఉన్నవాడికి ఇవాళ కప్పు ఏం చెప్పలేదా? చెప్పే ఉంటుంది, అందుకే ముందుగా పైకొచ్చాడు. వచ్చాడు సరే, సదయ్యను వదిలేసి ఎట్లా వచ్చాడు?

బంతి విసిరేశాడు గానీ ఆ మాట చేతిలోనే మిగిలిపోయింది. సదయ్యను వదిలేసి అన్న రాడు. ఇద్దరూ కలిసి దిగుతారు, కలిసి ఎక్కుతారు, సదయ్య ఎప్పుడైనా కల్లు మీద మనసై షిఫ్టు అయిపోకముందే జారుకుంటే అన్నే ఆ పని కూడా చేసి వస్తాడు గానీ, అన్న ముందు ఎక్కి సదయ్య వెనక మిగలడం ఇన్నేళ్లలో విన్నాడా తను? వినలేదు. పోనీ ఇవాళ అట్లా జరిగింది, కడుపులో నొప్పో ఏదో వచ్చింది, పైకొచ్చాడు. పైకొచ్చినవాడు ఇంటికి రావాలి కదా. వదిన ఏమంది, అన్న వచ్చాడు, పడుకున్నాడు అందా? అన్నకు ఫోన్ ఇస్తున్నా అందా? బిళ్ళ లేదు అంది. రెండుసార్లు చూసిన అంది. బిళ్ళను చూసింది, అన్నను చూశానని అనలేదు. ఛీ ఛీ, ఏమిటీ ముదనష్టపు ఆలోచన, అక్కడ అంత మంది జనం, అందులో ఎక్కడో ఉంటాడు, జోడి లోపల ఉంటే అన్న బయట బీడీ తాగుతూ కూర్చుంటాడా, రెస్క్యూ వాళ్లకు జాగా చెప్తూ బాయి మూతి దగ్గరే ఉంటాడు, అదీ సంగతి, వాడి గుణం తెలియదా నీకు. వీరేందర్ తనకు తాను గట్టిగా చెప్పుకున్నాడు. గట్టిగా చెప్పుకున్నా ఎక్కడో బోలుగా మోగింది.

మైదానం మధ్యలో ఎవరో ఎవరి కాలో తన్నారు, లొల్లి, షాజీ ఇటు వాడు, అటు వాడు ఒక నేపాలీ, ఇద్దరూ తమ తమ భాషల్లో తిట్టుకుంటున్నారు, ఆఖరికి పెనాల్టీ అన్నారు. వీరేందర్ ఒక్కడు, ఎదురుగా బంతి, బంతి వెనక నేపాలీ. పడమటికి వాలిన పొద్దు సరిగ్గా కళ్లలో కొడుతోంది. చేయి అడ్డం పెట్టుకున్నాడు, వెలుగు వేళ్ల సందుల్లోంచి మిణుకు మిణుకుమంది, అంతే, పోయిన శుక్రవారం అన్న మాట్లాడిన మాటలు ఎవరో పక్కన నిలబడి చదివినట్టు వరసగా వినిపించాయి. "నా బత్తి ఆగమైంది తమ్మీ, సగం షిఫ్టుకే మిణుకు మిణుకు అంటాంది. మార్చుమంటే రేపు మాపు అంటాన్రు. ఏమో ఏం ఫికర్ లేదు, సదన్నకు కొత్తది ఇచ్చిన్రు. ఆయన జల్ది ఎక్కే దినం తనది నాకిచ్చి నాది పట్కపోతాండు." అట్లా చెయ్యకూడదు కదనే, అన్నాడు తను. "చెయ్యొద్దనే ఉన్నది. అందరు చేస్తరు. చీకట్ల పని చేసేటోనికి ఎలుగు కావాలె గని నంబరు ఎందుకు?" అన్న నవ్వాడు. తనూ నవ్వాడు. నేపాలీ బంతి తన్నాడు. వీరేందర్ కదల్లేదు. బంతి భుజానికి తగిలి డ్రమ్మును పడేసింది, గోలా కాదా అని మళ్లీ లొల్లి మొదలైంది, ఆ లొల్లి మధ్యలో తను పడిపోయిన డ్రమ్మును నిలబెడుతూ అట్లాగే వంగి ఉండిపోయాడు.

అన్న బత్తి అప్పజెప్తే అన్న బిళ్ళ ఇస్తారు. బత్తి మీద నంబరు చూస్తారు, ఇచ్చేవాడి మొహం చూడరు. బొగ్గు పట్టిన మొహాలన్నీ ఒకటే, చూసినా ఏం లాభం. సదయ్య జల్దీగా ఎక్కి, అన్న బత్తి అప్పజెప్పి, అన్న బిళ్ళ జేబులో వేసుకుని, ఏటి ఒడ్డున కల్లు మండువకు పోయి ఉంటే? అప్పుడు గోడకు ఎవరి బిళ్ళ ఉంటుంది? సదయ్యది. లోపల ఎవరుంటారు? ఇది లెక్క కూడా కాదు, చంటిపిల్లాడు చెప్తాడు. అక్కడ అంత మంది జనం, ఆఫీసర్లు, యూనియన్ వాళ్లు, ఒక్కరికీ తోచదేం? ఎందుకు తోచాలి, గోడ చెప్తోంది కదా, పుట్టినప్పటి నుంచీ అందరూ నమ్మిన గోడ. బత్తి మార్చుకున్నది ఇద్దరికే తెలుసు, ఆ ఇద్దరిలో ఒకడు లోపల, ఒకడు ఎక్కడున్నాడో. మూడోవాడు తను, సముద్రం ఇవతల, ఇసుకలో, డ్రమ్ము పట్టుకుని.

ఫోన్ తీశాడు. వదిన నంబరు కొట్టాడు, బిజీ. మళ్లీ కొట్టాడు, బిజీ. అన్న ఫోన్ కొట్టాడు, అది మోగీ మోగీ ఆగింది, మోగదా మరి, ఫోన్ లోపలికి తీసుకుపోనివ్వరు, అది ఇంట్లో టీవీ మీద ఉంటుంది. ముష్తాక్ పరుగెత్తుకొచ్చాడు, ఏమైంది రా, అన్న మంచిగనే ఉన్నడంటివి కద, అన్నాడు. చెప్తే నిజమైపోతుంది. ఏం లేదు, లైన్ కలుస్తలేదు అన్నాడు వీరేందర్. "ఫికర్ జెయ్యకు, అల్లా పెద్దోడు," అని వీపు తట్టి వెళ్లిపోయాడు ముష్తాక్. వీరేందర్ మళ్లీ గోల్లో నిలబడ్డాడు, చేతిలో ఫోన్‌తోనే. షాజీ అది చూసి రెండు చేతులూ ఆకాశానికెత్తాడు.

ఇంక మిగిలింది మొక్కుకోవడమే. మొక్కుకున్నాడు. దేవుడా, సదయ్య ఇవాళ జల్దీగా ఎక్కకుండా ఉండాలి. సదయ్య మనసు ఇవాళ కల్లు మీదికి పోకుండా ఉండాలి. అంటే ఏమిటి? అంటే సదయ్య లోపలే ఉండాలి. వీరేందర్‌కు తన మొక్కు తనకే వినబడింది. సదన్న. గోదావరిలో ఈత నేర్పినవాడు, నడుముకు గుడ్డ కట్టి పట్టుకుని, మునిగితే నేను లేనా అన్నవాడు. దుబాయ్ బస్సెక్కే రోజు, షార్జా అంటే ఒప్పుకోడు, వాడికి అన్నీ దుబాయే, జేబులోంచి అటుకుల పొట్లం తీసి ఇచ్చి, ఆడ తిండి దొర్కదంటరు రా తమ్మీ, అని కళ్లనీళ్లు పెట్టుకున్నవాడు. వాణ్ని చావమంటున్నాను. మట్టి కింద పడి చావమని దేవుణ్ని బతిమాలుతున్నాను. అవును, బతిమాలుతున్నాను, ఏం చేయను, ఒక బత్తి, ఇద్దరు మనుషులు, సదన్న బతికితే మా అన్న ఉండడు. సారవ్వ ఏడుపు ఆగకూడదు. దేవుడా, ఆ ముసలిదాని ఏడుపు ఆగకూడదు. మొక్కుతూ మొక్కుతూ ఏడుస్తున్నాడు, ఇసుక కళ్లలో పడిందనుకున్నారు అందరూ. రెండు గోల్స్ పడ్డాయి. ఒకటి షాజీ నెత్తి బాదుకుంటుంటే తెలిసింది, రెండోది తెలియనే లేదు.

పొద్దు షెడ్డు వెనక్కి జారింది. చేతిలో ఫోన్ మోగింది. వదిన. మోగనిచ్చాడు, ఇంకోసారి మోగనిచ్చాడు, ఎత్తాడు. అవతల నవ్వు. శోకం లేదు. ఎంత వెతికినా శోకం లేదు, జాతరలో ఉన్నట్టు నవ్వులు, ఈలలు. "వీరూ! సదన్న వచ్చిండు! సచ్చిండనుకున్నోడు తూలుకుంట వచ్చిండు! పెంద్రాలే ఎక్కి కల్లు మండువల పన్నడట, మన గల్లీల కొమురెల్లి తన బండి మీద ఏస్కోని పట్కచ్చిండు. ల్యాంపు రూమోళ్లే ఏదో పొరపాటు చేసిన్రంటాన్రు. సారవ్వ పెద్దమ్మ ఏడ్సుడు బంద్ జేసి చెప్పు తీస్కోని కొడ్తాంది వాన్ని!" వదిన నవ్వలేక దగ్గింది. "ఇగ లోపల ఎవ్వలు లేరట. కప్పు ఇంక రాలుతనే ఉన్నదని రెస్క్యూ వాళ్లను గుడ పైకి పిలిచిన్రు, సామాన్లు బండ్లె ఏస్తాన్రు. మీ అన్న ఎక్కడ సచ్చిండో, మనిషి కండ్లవడ్తలేడు. దోస్తు బతికిండని ఎవలన్న చెప్తే ఉరికొచ్చు."

వీరేందర్ డ్రమ్ముకు ఆనుకున్నాడు. అడగకపోతే? ఊరికే అట్లాగా వదినె అని పెట్టేస్తే? ఇంకో గంట, ఇంకో పూట వదిన నవ్వుతూ ఉంటుంది, ఇంటికి పోయి నీళ్లు కాచి అన్న కోసం పెడుతుంది, వీధి గుమ్మం వైపు చూస్తూ తిడుతూ ఉంటుంది. అడగనంతసేపు అన్న పైనే ఉన్నాడు, ఆ జనంలోనే ఎక్కడో, బీడీ కోసం అగ్గిపెట్టె అడుగుతూ. అడిగానో, నా నోటితో నేనే వాణ్ని లోపలికి దింపినట్టు. ఆ రోజు కంచం ముందు నేను దిగుతానని అనలేదు, ఇవాళ మాత్రం వాడు లోపల ఉన్నాడని నేనే అనాలి. అంటే గానీ తవ్వరు. బండ్లు పోతున్నాయి. కప్పు రాలుతోంది. ఒకవేళ దుంగల సందున ఇంత జాగా మిగిలి ఉంటే, సదయ్య కొత్త బత్తి తలకు వెలుగుతూనే ఉంటే, కట్టెతో కొడుతూ ఉంటే, వినేవాడు ఒక్కడు లేకుండా వీళ్లంతా ఈలలు వేస్తూ ఇళ్లకు పోతే. "వదినె," అన్నాడు. "సదన్న జేబుల బిళ్ళ ఉంటది. జెర తియ్యమను."

"ఇప్పుడు బిళ్ళ ఎందుకు?" ఇంకా నవ్వు ఉంది ఆమె గొంతులో. "తియ్యమను వదినె, నీ కాల్మొక్త." ఫోన్ చెవి నుంచి తీసినట్టుంది, మాట దూరమైంది, "సదన్నా, మా వీరు నీ బిళ్ళ చూపియ్యమంటాండే." ఎవరో కిసుక్కుమన్నారు. "తమ్మీకి సలామ్ చెప్పు మరదలా," సదయ్య ముద్దమాట, "బిళ్ళేనా, ఉన్నది, బిళ్ళ ఏడికి పోతది," జేబులు తడుముకుంటున్న చప్పుడు, చిల్లర కిందపడ్డ చప్పుడు, మళ్లీ నవ్వులు. నవ్వులు అన్నీ ఒకేసారి ఆగలేదు. దగ్గర ఉన్నవి ముందు ఆగాయి, దూరంగా ఎవరో ఒకడు ఇంకా నవ్వుతూనే ఉన్నాడు, వాడికెవరో చెప్పి ఉంటారు, వాడూ ఆగాడు.

"వీరూ," అంది వదిన. చాలా మెల్లగా అంది. "ఇది మెరుస్తాంది."

"ఉరుకు వదినె! బండ్లు పోనియ్యకు, అడ్డం పడు! అన్న లోపల ఉన్నడు, మంచి బత్తి ఉన్నది అన్న తలకు, కొత్తది, చెప్పు వాళ్లకు, బత్తి కొత్తదని చెప్పు!" తెలుగు రాని ఎనిమిదిమంది మధ్య వాడు తెలుగులో అరుస్తున్నాడు. బంతి ఎటో పోయింది, షాజీ నోరు తెరుచుకుని చూస్తున్నాడు, ముష్తాక్ ఒక్కడికి అర్థమై ఉన్నచోటనే ఇసుకలో కూలబడ్డాడు. అవతల ఫోన్ నేల మీద పడ్డట్టుంది, కట్ కాలేదు. అడుగుల చప్పుడు, చాలా అడుగులు, సార్ సార్ అని ఎవరిదో కేక, ఓ బండి స్టార్ట్ అయిన చప్పుడు, అది వస్తోందో పోతోందో తెలియదు. వీరేందర్ ఒక చెవి మూసుకుని ఇంకో చెవిని ఫోన్‌కు అదిమిపెట్టాడు. ముందుగా వినబడింది సారవ్వ గొంతు. ఇందాక కొడుకు కోసం ఎత్తిన శోకాన్నే ఆమె మళ్లీ మొదటి నుంచి ఎత్తుకుంది, అదే రాగం, అవే మాటలు, కొడుకు పేరు ఉన్నచోట రాజం పేరు పెట్టుకుంటూ. అప్పుడే ఏడ్వొద్దు పెద్దమ్మా, పేరు పెట్టి ఏడ్వకు, ముందు తవ్వనియ్యి, అని వీరేందర్ అరుస్తూనే ఉన్నాడు. ఫోన్ నేల మీద ఉంది, ఆ మాట అక్కడ ఎవరికీ వినబడలేదు.